రాయితీ మెట్లు దిగుతున్న కరెంటు బండి

సుంకాలు, సబ్సిడీలు మారినప్పుడల్లా మారుతున్న ధర
దివిటిపల్లి కారఖానా భవిష్యత్తుకూ ఇదే ముడి

మహబూబ్‌నగర్: పెట్రోలు ఖర్చు భరించలేక కరెంటు స్కూటరు కొందామని ఆలోచించేవారు జిల్లాలో నానాటికీ పెరుగుతున్నారు. అయితే వీరికి ఒక చిక్కు ఎదురవుతోంది. ఒకసారి అడిగితే ఒక ధర చెబుతారు. కొన్నాళ్ళు పోయి అడిగితే అదే బండికి వేరే ధర చెబుతారు. కారణమేమిటంటే "సబ్సిడీ మారింది" అని దుకాణదారు జవాబు. ఈ మాటలో అబద్ధం లేదు. ఇనుము, రబ్బరు, బ్యాటరీల ఖరీదుతో పాటు ఢిల్లీలో, హైదరాబాదులో వెలువడే ఉత్తర్వులు కూడా కరెంటు బండి ధరను నిర్ణయిస్తున్నాయి. ఆ ఉత్తర్వులు ఎలా మారాయో, వాటివల్ల కొనేవారికీ కంపెనీలకూ ఏమవుతున్నదో తెలుసుకోవడం అవసరం. పట్నం పక్కనే దివిటిపల్లిలో బ్యాటరీల కారఖానా వెలుస్తున్నది గనుక ఈ జిల్లా వారికి మరీ అవసరం.

నాలుగు మెట్లు

కేంద్ర ప్రభుత్వం విద్యుత్ వాహనాలను ప్రోత్సహించేందుకు 2015 ఏప్రిల్‌లో 'ఫేమ్' పథకాన్ని ప్రారంభించింది. దాని రెండో విడత 2019 ఏప్రిల్‌లో రూ.10,000 కోట్లతో మొదలైంది. బ్యాటరీ ఎంత పెద్దదైతే రాయితీ అంత ఎక్కువ అన్నది ఈ పథకంలోని సూత్రం. బ్యాటరీ సామర్థ్యాన్ని మన కరెంటు మీటరు లెక్కలోనే కొలుస్తారు. మూడు యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ ఉన్న స్కూటరును ఉదాహరణగా తీసుకుందాం. దాని కారఖానా ధర రూ.1,20,000 అనుకుందాం.

2021 జూన్‌లో రాయితీని యూనిట్‌కు రూ.15,000కు పెంచారు. బండి ధరలో 40 శాతం మించరాదన్నది షరతు. ఆ లెక్కన మన స్కూటరుకు రూ.45,000 రాయితీ దక్కేది. ఇది మొదటి మెట్టు.

2023 జూన్ 1 నుంచి యూనిట్‌కు రూ.10,000 చేశారు. పరిమితిని ధరలో 40 శాతం నుంచి 15 శాతానికి తగ్గించారు. మన స్కూటరుకు దక్కేది రూ.18,000. ఇది రెండో మెట్టు.

2024 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. ఏప్రిల్ నుంచి తాత్కాలిక పథకం, అక్టోబరు 1 నుంచి 'పీఎం ఈ-డ్రైవ్' అనే కొత్త పథకం వచ్చాయి. రెండింటిలోనూ యూనిట్‌కు రూ.5,000 చొప్పున, బండికి రూ.10,000 మించకుండా ఇచ్చారు. ఇది మూడో మెట్టు.

2025 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు రూ.2,500కు దించి, బండికి రూ.5,000 పరిమితి పెట్టారు. ఇది నాలుగో మెట్టు. 2025 ఆగస్టులో కేంద్రం ఈ పథకం గడువును 2028 మార్చి దాకా పొడిగించినా, ద్విచక్ర వాహనాల రాయితీ గడువును మాత్రం అప్పుడు 2026 మార్చి 31గానే ఉంచింది.

అంటే నాలుగేళ్ళు తిరగకుండానే రూ.45,000 కాస్తా రూ.5,000 అయింది. ఈ కాలంలో బ్యాటరీల ఖరీదు కూడా తగ్గినందువల్ల ధరలు ఒక్కసారిగా ఆకాశానికి అంటలేదు. లేకుంటే సామాన్యుడు కరెంటు బండి వైపు చూడగలిగేవాడు కాదు.

పది పన్నెండు రోజుల్లో మారిన రాత

రాయితీ తగ్గడం కంటే అది తగ్గిన తీరు ఎక్కువ నష్టం చేసింది. 2023 జూన్ 1 నాటి కోతకు సంబంధించిన ఉత్తర్వు మే మూడోవారంలో వెలువడింది. పథకం గడువు చూస్తే 2024 మార్చి దాకా ఉంది. ఆ భరోసాతో కంపెనీలు సామాను కొన్నాయి, బండ్లు తయారుచేశాయి, దుకాణదారులు అప్పులు తెచ్చి సరుకు నింపుకున్నారు. సర్దుకోవడానికి వారికి రెండు వారాలైనా దొరకలేదు.

ఫలితం అంకెల్లోనే ఉంది. 2023 మే నెలలో దేశమంతటా సుమారు 1.05 లక్షల కరెంటు ద్విచక్ర వాహనాలు రిజిస్టరు కాగా, జూన్‌లో ఆ సంఖ్య 46 వేల ప్రాంతానికి పడిపోయింది. కోత రాకముందే కొనాలని మేలో జనం ఎగబడటం, జూన్‌లో ఎవరూ రాకపోవడం రెండూ ఇందులో ఉన్నాయి. 2024లోనూ అదే జరిగింది. ఫేమ్ పథకం ముగిసే మార్చిలో సుమారు 1.40 లక్షల బండ్లు రిజిస్టరైతే, ఏప్రిల్‌లో 65 వేలకు తగ్గాయి.

2025 సంగతి వేరు. ఏప్రిల్‌లో రాయితీ సగమవుతుందని ముందు ఏడాదే పథకంలో రాశారు. మార్చిలో 1.31 లక్షలున్న అమ్మకాలు ఏప్రిల్‌లో 92 వేల వద్ద ఆగాయి. ఈసారి కోత మొత్తం చిన్నదన్నది నిజమే. అయినా ముందుగా తెలిసిన దెబ్బను మార్కెటు తట్టుకున్నదన్నది గమనార్హం.

మొత్తం మీద అమ్మకాలు పడిపోలేదు. 2023-24లో దేశంలో సుమారు 9.5 లక్షల కరెంటు ద్విచక్ర వాహనాలు అమ్ముడుకాగా, 2024-25లో అవి 11.5 లక్షలకు చేరాయి. అమ్ముడైన ప్రతి వంద ద్విచక్ర వాహనాల్లో ఆరు కరెంటువి. రాయితీ తగ్గుతున్నా జనం కొంటున్నారంటే, పెట్రోలు ఖర్చు మిగులుతున్నదన్న నమ్మకం వారికి కుదిరిందనే అర్థం.

రాయితీ వెంట వచ్చిన చిక్కులు

సర్కారు సొమ్ము ఉన్నచోట షరతులూ ఉంటాయి, వాటిని తప్పించుకునే ఉపాయాలూ పుడతాయి. కారఖానా ధర రూ.1.50 లక్షలు మించిన బండికి ఫేమ్ రాయితీ వర్తించేది కాదు. అందువల్ల కొన్ని కంపెనీలు చార్జరును, సాఫ్ట్‌వేరును విడిగా అమ్మి బండి ధరను ఆ గీత లోపల చూపించాయి. విషయం బయటపడ్డాక, 2023లో నాలుగు పెద్ద కంపెనీలు కొనుగోలుదారులకు చార్జరు సొమ్ము తిరిగి ఇచ్చేందుకు అంగీకరించాయి.

విడిభాగాలు మన దేశంలోనే తయారుకావాలన్నది రాయితీకి మరొక షరతు. విదేశీ భాగాలు బిగించి స్వదేశీ బండిగా చూపించారన్న ఆరోపణపై కేంద్రం విచారణ జరిపి, ఏడు కంపెనీలను సుమారు రూ.469 కోట్లు తిరిగి చెల్లించమని 2023లో కోరింది. వీటిలో కొన్నిటి అమ్మకాలు ఆ తరువాత కుప్పకూలాయి. కంపెనీ మూలపడితే దాని బండి కొన్నవాడికి బ్యాటరీ ఎక్కడ, మెకానిక్కు ఎక్కడ? తప్పు చేసింది కంపెనీ. కనిపెట్టడంలో ఆలస్యం చేసింది ప్రభుత్వం. నష్టపోయింది మాత్రం ఈ రెండూ తెలియని కొనుగోలుదారు.

పన్ను తగ్గింది పెట్రోలు బండికి

కేంద్రం ఇచ్చే రాయితీ ఒక్కటే కాక, జీఎస్టీ కూడా ధరను మారుస్తుంది. కరెంటు బండిపై జీఎస్టీని 2019 ఆగస్టు 1న 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. పెట్రోలు స్కూటరుపై అప్పుడు 28 శాతం ఉండేది. ఈ 23 శాతం తేడాయే కరెంటు బండికి పెద్ద అండ.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న పెట్రోలు ద్విచక్ర వాహనాలపై పన్నును 18 శాతానికి తగ్గించారు. పన్ను కలపక ముందు రూ.70,000 ఉన్న పెట్రోలు స్కూటరు, పాత లెక్కన రూ.89,600 అయ్యేది. కొత్త లెక్కన రూ.82,600 అవుతుంది. అంటే పెట్రోలు బండి రూ.7,000 చౌక అయింది. అదే సమయంలో కరెంటు బండికి కేంద్రం ఇస్తున్న రాయితీ రూ.5,000 మాత్రమే. కరెంటు బండి పన్నును ముట్టుకోకుండానే దాని ఆకర్షణ తగ్గిందన్నమాట. పెట్రోలు బండి కొనే పేదవానికి ఇది మేలే, కాదనడానికి లేదు. కానీ ఒక చేత్తో కరెంటు బండిని ప్రోత్సహిస్తూ మరో చేత్తో దానికి పోటీ బండిని చౌక చేసినప్పుడు, రెండిటినీ కలిపి చూసేవారు ప్రభుత్వంలో ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న తలెత్తుతుంది.

రాష్ట్ర ప్రభుత్వం విషయానికి వస్తే, తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయిస్తూ జీవో నెంబరు 41 జారీ అయింది. అంతకుముందు ఇన్ని బండ్లకే అని పరిమితి ఉండేది. దాన్ని ఎత్తివేశారు. స్కూటర్లు, ఆటోలు, కార్లతో పాటు విద్యుత్ ట్రాక్టర్లకు కూడా ఇది వర్తిస్తుంది. రూ.90,000 బండికి 12 శాతం జీవిత పన్ను వేసుకుంటే రూ.10,800 మిగిలినట్టే. రూ.5,000 కేంద్ర రాయితీ కంటే రాష్ట్రం వదులుకునే పన్నే పెద్దదని దీన్నిబట్టి తెలుస్తోంది. అందుకే ఈ గడువు ముగిశాక ఏమిటన్నది ముఖ్య ప్రశ్న.

సుంకం గోడ, అయస్కాంతం ముడి

ఇక దిగుమతి సుంకాల సంగతి. విదేశాల్లో పూర్తిగా తయారై వచ్చే కార్లపై మన దేశంలో ధరను బట్టి 70 శాతం నుంచి 110 శాతం దాకా సుంకం పడుతుంది. టెస్లా కంపెనీ 2025 జులైలో ముంబయిలో దుకాణం తెరిచి, అమెరికాలో సుమారు 45 వేల డాలర్లు, అంటే రూ.40 లక్షల లోపు ఉన్న కారుకు ఇక్కడ దాదాపు రూ.60 లక్షలు ధర పెట్టడానికి కారణం ఇదే. ఇక్కడ రూ.4,150 కోట్లు పెట్టుబడి పెట్టి కారఖానా కట్టే కంపెనీకి, పరిమిత సంఖ్యలో కార్లను 15 శాతం సుంకంతో తెచ్చుకోనిస్తామని కేంద్రం 2024 మార్చిలో ప్రకటించింది. టెస్లాకు ఇక్కడ కారఖానా పెట్టే ఆసక్తి లేదని, దుకాణాలు తెరవడంతోనే సరిపెట్టుకుంటుందని కేంద్ర భారీ పరిశ్రమల మంత్రి కుమారస్వామి 2025 జూన్‌లో చెప్పారు.

సుంకం గోడ ఎత్తుగా ఉన్నందువల్ల మన కంపెనీలకు రక్షణ దొరికింది. స్కూటర్ల కారఖానాలు హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో వెలిశాయి. తెలుగువారు ఎక్కువగా నివసించే ప్రాంతాలవి. జహీరాబాదులో మహీంద్రా కరెంటు ఆటోలు తయారవుతున్నాయి. పెనుకొండలో కియా కంపెనీ 2025లో కరెంటు కారు తయారీ చేపట్టింది.

అయితే గోడ కట్టినా లోపలి సామానుకు మనం పరాయి దేశం వైపు చూడక తప్పడం లేదు. బ్యాటరీలోని సెల్లులు ఎక్కువగా చైనా నుంచి వస్తున్నాయి. మోటారులోని శక్తిమంతమైన అయస్కాంతాలు మరీ అంతే. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల అరుదైన ఖనిజాలపైన, వాటితో చేసే అయస్కాంతాలపైన ఎగుమతి ఆంక్షలు పెట్టింది. అమెరికా చైనా సరుకుపై వేసిన సుంకాలకు అది జవాబు. ఇద్దరు పెద్దవాళ్ళ తగాదాలో మన స్కూటర్లకు దెబ్బ తగిలింది. బజాజ్ కంపెనీ చేతక్ కరెంటు స్కూటర్ల ఉత్పత్తి ఆ ఏడాది వేసవి తరువాత బాగా తగ్గింది. దీంతో కళ్ళు తెరిచిన కేంద్రం, ఏటా 6,000 టన్నుల అయస్కాంతాలు మన దేశంలోనే తయారుచేయించేందుకు రూ.7,280 కోట్ల పథకాన్ని 2025 నవంబరులో ఆమోదించింది. అవి చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది.

చైనా కంపెనీలనే ఇక్కడికి పిలవవచ్చు కదా అన్న వాదన ఉంది. సరిహద్దు దేశాల పెట్టుబడికి ముందు అనుమతి తప్పనిసరి అని 2020 ఏప్రిల్‌లో కేంద్రం నియమం పెట్టింది. చైనాకు చెందిన బీవైడీ, హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ కలిసి 100 కోట్ల డాలర్లతో కార్ల కారఖానా పెడతామన్న ప్రతిపాదన 2023లో అనుమతి దొరక్క ఆగిపోయింది. దేశ భద్రత దృష్ట్యా జాగ్రత్త అవసరమే. కానీ పరాయి కంపెనీని రానివ్వనప్పుడు, ఆ సరుకు మనవాళ్ళు తయారుచేసుకునేందుకు ముందునుంచే పూనుకోవలసింది.

దివిటిపల్లి లెక్క

ఈ పరిస్థితిలో దివిటిపల్లి కారఖానాకు ప్రాముఖ్యం వచ్చింది. అమరరాజా కంపెనీ పదేళ్ళలో రూ.9,500 కోట్లు పెట్టుబడి పెడుతుందని 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. పూర్తయ్యేనాటికి ఏటా 16 గిగావాట్ అవర్ల సెల్లులు తయారుచేయాలన్నది లక్ష్యం. బ్యాటరీలు కూర్చే విభాగం తొలి దశ 2024లో ప్రారంభమైంది.

16 గిగావాట్ అవర్లంటే కోటీ 60 లక్షల యూనిట్లు. మూడు యూనిట్ల బ్యాటరీ చొప్పున లెక్క వేస్తే, ఏటా 53 లక్షల స్కూటర్లకు సరిపోతుంది. దేశమంతటా 2024-25లో అమ్ముడైనవి 11.5 లక్షలే. అంటే దేశంలోని కరెంటు స్కూటర్లన్నిటికీ దివిటిపల్లి సెల్లులే వాడినా, పూర్తి సామర్థ్యంలో నాలుగో వంతు కూడా నిండదు. కార్లు, ఆటోలు, బస్సులు, సౌర విద్యుత్తును నిలువ చేసే పెద్ద బ్యాటరీలు, వీటన్నిటి గిరాకీ కలిస్తేనే కారఖానా నిండుగా నడుస్తుంది. కనుక స్కూటరు రాయితీ తగ్గిందా పెరిగిందా అన్నది కొనేవాడి తలనొప్పి మాత్రమే కాదు. ఇక్కడి పిల్లలకు దొరికే ఉద్యోగాల సంఖ్య కూడా దాని మీద ఆధారపడి ఉంది.

సుంకం విషయంలోనూ ఇక్కడ ఒక పీటముడి ఉంది. చైనా సెల్లులపై సుంకం పెంచితే దివిటిపల్లి సరుకుకు గిరాకీ వస్తుంది. కానీ ఈలోగా స్కూటరు ధర పెరుగుతుంది. సుంకం తగ్గిస్తే స్కూటరు చౌక అవుతుంది. కానీ చైనా ధరతో ఇక్కడి కారఖానా పోటీ పడలేదు. 2025 ఫిబ్రవరి బడ్జెటులో కేంద్రం మధ్యేమార్గం ఎంచుకుంది. బ్యాటరీలు తయారుచేసే 35 రకాల యంత్ర పరికరాలకు, కోబాల్టు పొడి, పాత బ్యాటరీల తుక్కు వంటి ముడిసరుకుకు సుంకం ఎత్తివేసింది. సరుకుపై కాక యంత్రంపై సుంకం తగ్గించడం సరైన దారే. అయితే యంత్రాలు వచ్చినా విద్య రావాలి. అమరరాజా 2024 జూన్‌లో చైనాకు చెందిన గోషన్ కంపెనీ అనుబంధ సంస్థతో సాంకేతిక ఒప్పందం చేసుకుంది. 2025 జులైలో చైనా, ఈ రకం బ్యాటరీల ముడిపదార్థం తయారుచేసే పరిజ్ఞానాన్ని కూడా ఎగుమతి ఆంక్షల జాబితాలో చేర్చింది. మన విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు ఈ రంగంలో పనిచేయవలసిన అవసరాన్ని ఇది గుర్తుచేస్తోంది.

అమెరికా అనుభవం

ప్రభుత్వం చేయి వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో అమెరికాలో చూడవచ్చు. అక్కడ కరెంటు కారు కొన్నవారికి 7,500 డాలర్ల దాకా పన్ను మినహాయింపు ఉండేది. కొత్త చట్టం దాన్ని 2025 సెప్టెంబరు 30తో రద్దుచేసింది. గడువు లోపల జనం ఎగబడి కొన్నారు. ఆ మూడు నెలల్లో అమ్మకాలు మునుపెన్నడూ లేనంతగా పెరిగి, అక్టోబరు నుంచి జారిపోయాయి. జనరల్ మోటార్స్ 160 కోట్ల డాలర్లు, ఫోర్డు 1,950 కోట్ల డాలర్లు నష్టాలుగా రాసుకోవలసి వస్తుందని ఆ ఏడాది చివరిలో ప్రకటించాయి. అంత పెద్ద కంపెనీలే తట్టుకోలేని కుదుపులు మన చిన్న కంపెనీలు, ఊరి దుకాణదారులు తట్టుకోగలరా?

కొనేవారు చూసుకోవలసింది

రాయితీ ఉందనో, పోతుందనో తొందరపడి కొనడం మంచిది కాదు. తిరిగే దూరాన్ని బట్టి లెక్క చూసుకోవాలి. పాలు పోయడానికో, కూరగాయలు అమ్మడానికో రోజుకు 30 కి.మీ. చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగే మనిషిని తీసుకుందాం. మొత్తం 9,000 కి.మీ. లీటరుకు 45 కి.మీ. ఇచ్చే పెట్రోలు బండికి 200 లీటర్లు కావాలి. లీటరు రూ.107 అనుకుంటే రూ.21,400 ఖర్చు. కరెంటు బండి యూనిట్‌కు 30 కి.మీ. నడిచినా 300 యూనిట్లు చాలు. యూనిట్ రూ.5 అనుకుంటే రూ.1,500. ఏటా దాదాపు రూ.20,000 మిగులుతుంది. ఇంత తిరిగేవారికి రాయితీ లేకున్నా కరెంటు బండి గిట్టుబాటే. వారానికి ఒకసారి సంతకు వెళ్ళి వచ్చేవారికి మాత్రం రాయితీ ఉన్నా గిట్టకపోవచ్చు.

గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు పొందుతున్న కుటుంబాలు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఇలా తిరిగే స్కూటరుకు నెలకు 25 యూనిట్ల పైచిలుకు కరెంటు పడుతుంది. దానివల్ల మొత్తం వాడకం 200 దాటితే ఆ నెల బిల్లు కట్టవలసి వస్తుంది. వేసవిలో కూలర్లు తిరిగే నెలల్లో మీటరు మీద కన్ను వేసి ఉంచాలి.

గంటకు 25 కి.మీ. మించని చిన్న బండ్లకు లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదు గనుక వాటికి ప్రభుత్వ రాయితీ ఉండదు. ఉందని చెప్పి అమ్మేవారిని నమ్మరాదు. రాయితీ ఎంత ఇచ్చారో బిల్లులో రాయించుకోవాలి. బ్యాటరీ గ్యారంటీ ఎన్నేళ్ళో, మరమ్మతు జిల్లాలోనే జరుగుతుందా, హైదరాబాదుకు పంపాలా అన్నది కొనకముందే తేల్చుకోవాలి. బ్యాటరీ పాడైతే దాని ఖరీదు ముందు రాయితీ సొమ్ము ఏ మూలకూ రాదు.

ప్రభుత్వం చేయవలసింది

రాయితీ ఎల్లకాలం ఇవ్వమని ఎవరూ కోరరు. తెలంగాణలో పెట్రోలుపై వ్యాటు 35.2 శాతం. కరెంటు బండ్లు పెరిగేకొద్దీ ఆ రాబడి తగ్గుతుంది. రోడ్డు పన్ను కూడా వదులుకుంటే రోడ్లు వేసేందుకు సొమ్ము ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న ప్రభుత్వానికి తప్పదు. అయితే ఏ ఏడాది ఎంత తగ్గిస్తారో రెండు మూడేళ్ళ ముందే ప్రకటించి, ఆ మాట మీద నిలబడాలి. 2026 డిసెంబరు 31 తరువాత రోడ్డు పన్ను ఏ విధంగా ఉంటుందో చివరి వారం దాకా నాన్చకుండా చెప్పాలి. ఒకేసారి పూర్తి పన్ను వేయకుండా ఏటా కొంత కొంతగా పెంచితే కొనేవారికీ, అమ్మేవారికీ ఇబ్బంది ఉండదు.

అలాగే బండి అమ్మే ప్రతి కంపెనీ జిల్లాలో మరమ్మతు కేంద్రం నడపాలన్న షరతును రాయితీకి జోడించాలి. దివిటిపల్లి కారఖానా అవసరాలకు తగిన చదువును జిల్లాలోని ఐటిఐలలో, పాలిటెక్నిక్‌లలో చెప్పించాలి. భూమి ఇచ్చిన జిల్లాకు కూలిపనులు మిగిల్చి, నైపుణ్యం గల ఉద్యోగాలు బయటివారికి పోతే ప్రజలు హర్షించరు.

కరెంటు బండికి పల్లెల్లో ఆదరణ ఉంది. సుంకాలు, పన్నులు, రాయితీలు మూడూ ఒక తాటిమీద నడిస్తే ఆ ఆదరణ నిలుస్తుంది. పాలకులు ఈ విషయంపై సత్వరం దృష్టి సారించవలసి ఉంది.